చచ్చిన బొమ్మ మళ్లీ లేవకూడదు

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద భోజనం చేసిన గుర్తు నాకు లేదు. ఆదివారం వచ్చిందంటే దాని మీద ఒక ప్లైవుడ్ పలక పడేది, పలక మీద కూలిపోయిన నగరం ఒకటి లేచేది. థర్మాకోల్ గోడలు, అగరుబత్తి డబ్బాల మేడలు, నా కుట్టుమిషను దారం అయిపోయిన రీళ్లతో స్తంభాలు. ఆ శిథిలాల మధ్య బొటనవేలంత మనుషులు కత్తులు, విల్లులు పట్టుకుని నిలబడేవారు. చుట్టూ గడ్డాలు నెరుస్తున్న ముగ్గురు మగవాళ్లు నా కొలత టేపు లాక్కుని, వంగి, ఒక బొమ్మ ఇంకో బొమ్మకు కనబడుతుందా లేదా అని ఒంటికన్ను మూసి చూసుకునేవారు. నేను పళ్లెం ఒళ్లో పెట్టుకుని సోఫాలో తినేదాన్ని.

ముగ్గురిలో ఒకరు మా ఆయన. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని. చిక్కడపల్లిలో పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగం చూసుకున్న మనిషి. నేను కోస్తా వాళ్ల అమ్మాయిని, విద్యానగర్‌లో పెరిగాను. నారాయణగూడలో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. మాకు పిల్లలు లేరు. "నీ మొగుడికి బొమ్మలే పిల్లలే" అని మా పిన్ని ఒకసారి అంటే, ఆమెతో ఏడాది మాట్లాడలేదు. ఆ మాట నేను అనొచ్చు, ఇంకొకరు అనకూడదు.

మిగిలిన ఇద్దరిలో పెద్దాయన వకీలు. అడిక్‌మెట్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. నన్ను చెల్లె అంటారు. చిన్నవాడిది రాంనగర్, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం, నాకు మరిది వరస కలుపుకున్నాడు. వీళ్లిద్దరూ ఇప్పటికీ వస్తుంటారు, ఆయన లేకపోయినా. వచ్చి టీ తాగి, బల్ల వైపు చూడకుండా వెళ్తారు.

ఈ ఆట గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఇది రాజులూ సైన్యాలూ ఉన్న యుద్ధం కాదు, వీధికొట్లాట. ఒక్కొక్కరి దగ్గర ఎనిమిదో పదో మంది ఉన్న ముఠా. పాచికలు వేసి నడవడం, దాక్కోవడం, కొట్టుకోవడం. ఒక పూట ఆడి లేచిపోతే ఏ గొడవా లేదు, క్యారమ్స్ లాంటిదే. గొడవంతా క్యాంపెయిన్‌లో ఉంది. అంటే ఈ ఆదివారం జరిగింది వచ్చే ఆదివారానికి మిగలడం. ఇవాళ బాగా కొట్లాడినవాడు వచ్చేవారం ఇంకొంచెం ఆరితేరి వస్తాడు. ఇవాళ కాలు విరిగినవాడు వచ్చేవారం కుంటుతూ వస్తాడు. చచ్చినవాడు రాడు. నెలల తరబడి అలా సాగుతుంది, సీరియల్ లాగా. సీరియల్‌లోనైనా చచ్చినవాళ్లు తిరిగొస్తారు, వీళ్ల ఆటలో అదీ లేదు.

ఆ చావు దగ్గరే వీళ్ల తగవు. వాళ్ల దగ్గర రెండు ఆటలు ఉండేవి. మొదటిది పాతది, మహా కఠినం. బొమ్మ పడిపోయిందంటే ఆట అయ్యాక రెండు పాచికలు వేయాలి. బాగా పడితే చిన్న దెబ్బతో బయటపడతాడు. మధ్యస్తంగా పడితే కన్నో కాలో పోతుంది. మరీ తక్కువ పడితే చావు. ఓడినవాడికి మనుషులు తగ్గుతారు, దోచుకున్న సొమ్మూ తక్కువ వస్తుంది, దాంతో కొత్తవాళ్లను చేర్చుకోలేడు, కాబట్టి వచ్చేవారం కూడా ఓడతాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. నాలుగు ఆదివారాలు వరసగా ఓడితే ఇక కోలుకునే దారే లేదు. నేను లెక్కల టీచర్ని, ఆ లెక్క ఎటు పోతుందో నాకు వంటింట్లోంచే కనపడేది.

రెండోది కొత్త ఆట. రాంనగర్ మరిది దాని పుస్తకాన్ని కంప్యూటర్లోంచి తీసి అశోక్‌నగర్‌లో జిరాక్స్ కొట్టించుకుని, స్పైరల్ బైండింగ్ చేయించి తెచ్చాడు. ఆ గల్లీలో ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల మెటీరియల్ తప్ప వేరేది ఎవరూ కొట్టించరు. షాపువాడు తిరగేసి "అన్నా, ఇది ఏ గ్రూపుకు? కొత్త సిలబసా?" అని అడిగాడట. వెనక నిలబడ్డ ఇద్దరు పిల్లలు తమకూ ఒక కాపీ కావాలన్నారట. మరిది వద్దని చెప్పడానికి ఆపసోపాలు పడ్డాడు.

ఆ కొత్త ఆటలో దయ ఎక్కువ. పడిపోయినవాడు ఒక ఆదివారం కూర్చుంటే లేచి వచ్చేస్తాడు. యజమాని ఒప్పుకుంటే తప్ప ఎవరూ చావరు. ఓడినవాడికి ఓడిన ప్రతిసారీ సాయంగా ముఠాలోకి ఇంకో మనిషిని ఇస్తారు, గెలిచినవాడికి ఇవ్వరు. అందువల్ల ముగ్గురూ ఎప్పుడూ దగ్గరదగ్గరగా ఉంటారు. ఇన్ని ఆటల్లో క్యాంపెయిన్ ముగియాలని కూడా అందులోనే రాసి ఉంటుంది. న్యాయంగా చూస్తే అదే మంచి ఆట. నేను ఆ మాట ఒకసారి అన్నాను కూడా.

"నీకు తెల్వదు," అన్నారు మా ఆయన. "సావు లేకుంటే వాణ్ణి గోడ వెనక ఎందుకు దాస్త? ఉరికిస్త, కొట్టిస్త, పడితే పండవెడ్త. గప్పుడు వాడు మనిషి కాదు, క్యారమ్స్ బిళ్ల."

"బొమ్మ మనిషెప్పుడయ్యాడండీ?"

"పోతడని తెలిసినప్పుడు," అన్నారు.

వకీలుగారు ఆయనకంటే మొండి. చచ్చిన బొమ్మ మళ్లీ లేవకూడదు, అంతే. ఒకసారి రాంనగర్ మరిది, ఎంతో ఓపిగ్గా రంగులు వేసుకున్న విలుకాడు చచ్చిపోతే, వాడికి మీసం గీసి, వాడి తమ్ముడని చెప్పి మళ్లీ తెచ్చాడు. వకీలుగారు స్కూటర్ తీసుకుని వెళ్లిపోయారు. మూడు ఆదివారాలు రాలేదు. మరిది అడిక్‌మెట్ వెళ్లి, ఆ బొమ్మను ఆయన బల్ల మీద పెట్టి, ఇక వాడనని చెప్పి ఆయన్ను తీసుకొచ్చాడు. చెప్తే నవ్వొస్తుంది కానీ, కోర్టులో ఏ కేసూ ఆయన అంత నమ్మకంగా వాదించి ఉండరు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకునేదాన్ని.

ఆ చలికాలం మా ఆయనకు కడుపులో నొప్పి మొదలైంది. అరగడం లేదన్నారు, వాము నమిలారు. కళ్లు పచ్చబడ్డాక నారాయణగూడలో స్కానింగ్ తీయించాం. రిపోర్టు చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఆయన్ను పక్కగదిలో బరువు చూసుకుని రమ్మని పంపారు. మన దగ్గర బరువు చూసుకు రమ్మంటే ఏమిటో నాకు తెలుసు, మా నాన్నప్పుడూ అంతే. తలుపు వేసుకోగానే డాక్టరు గొంతు తగ్గించారు. క్లోమంలో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకింది. కోయడానికి లేదు. మందులతో కొంతకాలం. "ఆయనకు చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టమమ్మా" అన్నారు. ఆయన తలుపు తీసుకుని వచ్చి, "నాలుగు కిలోలు తగ్గిన, మంచిదే కదా సార్?" అన్నారు.

చెప్పకూడదనుకున్నాను. భయపడి కాదు. మా మామగారికి ఇలాంటి జబ్బే వస్తే, దాచకుండా చెప్పేశారు. ఆ మధ్యాహ్నం మంచం ఎక్కిన మనిషి మళ్లీ దిగలేదు. అన్నం ముందు పెడితే గోడవైపు తిరిగేవారు. జబ్బు తినడానికి ముందే ఆ మాట తినేసింది. మా ఆయన ఆ కథ నాకు ఎన్నోసార్లు చెప్పారు, చెప్పినప్పుడల్లా "చెప్పకుంటే ఇంకొన్ని దినాలు నవ్వుతుండె" అనేవారు. ఆ నవ్వే నేను కాపాడాలనుకున్నది. ఆయనకు మిగిలిన ఆదివారాలు ఆదివారాల్లాగే ఉండాలి. అంతకుమించి నేను దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు. కాలేయానికి వాపు వచ్చింది, ఆర్నెల్లు మందులు వాడాలి అని ఇంట్లో చెప్పాను.

కానీ ఆస్పత్రికి తిప్పడానికి ఎవరో ఒకరు కావాలి. స్కూలు వదిలాక నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఉన్న జ్యూస్ షాపుకు వాళ్లిద్దర్నీ పిలిచి చెప్పాను. రాంనగర్ మరిది ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. వకీలుగారు కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఆయనకు తెలియకూడదు," అన్నాను. "మీరు ఎప్పట్లాగే రండి, ఎప్పట్లాగే తిట్టుకోండి. మామూలుగా ఉండండి చాలు."

"గట్లనే చెల్లె," అన్నారు వకీలుగారు. "నువ్వు పరేషాన్ గాకు."

ఆ ఆదివారం ఇద్దరూ ముందుగానే వచ్చారు. అదే మొదటి తప్పు. మరిది ఆపిల్ పళ్లు తెచ్చాడు, అదింకో తప్పు. ఇన్నేళ్లలో మా ఇంటికి మిర్చీబజ్జీలు తప్ప వాడేమీ తేలేదు. ఆపిల్ పళ్లు జబ్బు మనుషులకే తెస్తారని పసిపిల్లలకూ తెలుసు. నేను వాటిని గబగబా ఫ్రిజ్‌లో తోసేశాను.

పాత ఆట, క్యాంపెయిన్ సగంలో ఉంది. మా ఆయన ముఠా నాయకుడు ఒంటికన్ను ముసలివాడు. ఆ కన్ను మొదటి నెలలోనే పోయింది. అప్పటినుంచి వాడు ఎన్ని ఆటలు నెగ్గుకొచ్చాడో మా ఆయన వరసగా చెప్పగలరు. ఆ రోజు వాడు మెట్ల మీద వకీలుగారి మనుషుల చేతికి చిక్కాడు. ఆట ముగిశాక మా ఆయన పాచికలు వేశారు. నేను టీ పట్టుకుని వస్తున్నాను. ముగ్గురూ బల్ల మీదికి వంగి ఉన్నారు. రెండూ ఒకట్లే పడ్డాయి.

"పాయె," అన్నారు మా ఆయన. బాధగానే అన్నారు, కానీ కళ్లలో ఒక మెరుపుంది. చాలా రోజుల తర్వాత ఆ మెరుపు చూశాను. ముసలివాడిని వేళ్లతో తీసి పక్కన పెట్టబోయారు.

"ఆగు అన్నా," అన్నాడు రాంనగర్ మరిది. "నేనొకటి అనుకుంటున్న. ఇయ్యాల్టి నుంచి కొత్త ఆట రూల్స్ పెట్టుకుందాం. ఈ పాతది మరీ జబర్దస్తీ ఉన్నది. ముసలోడు ఒక వారం కూసుంటడు, మల్ల వస్తడు."

మా ఆయన నవ్వి వకీలుగారి వైపు చూశారు, ఇక తిట్లు మొదలవుతాయని. నేనూ అటే చూశాను. మనసులో తిట్టండి, బాబ్బాబు, తిట్టండి అనుకుంటున్నాను. వకీలుగారు టీ కప్పు అందుకుని, దాంట్లోకి చూస్తూ, "నిజమే. నాకు గూడ అదే మంచిగనిపిస్తుంది," అన్నారు.

మా ఆయన నవ్వు మొహం మీదే ఉంది, కానీ ఆగిపోయింది. వకీలుగారి మొహం చూశారు. మరిది మొహం చూశారు. తర్వాత తల తిప్పి నన్ను చూశారు. నా చేతిలో పళ్లెం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"సరే. మీ ఇష్టం," అన్నారు, ముసలివాడిని తిరిగి మెట్ల మీద నిలబెట్టారు.

వాళ్లు వెళ్లాక నేను కప్పులు కడుగుతూ ఉండిపోయాను. కడిగినవే మళ్లీ కడిగాను. ఆయన వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకున్నారు.

"రాంనగరోడంటే సమజైతది, వాడెప్పుడూ గదే పాట. వకీల్ సాబ్ ఎట్ల ఒప్పుకున్నడు?"

"ఏమోనండీ. వయసు మీద పడుతోంది, మెత్తబడ్డారేమో."

"నిన్న గాక మొన్న కోడలితోని కొట్లాడిండు కూర కారమైందని. గాయన మెత్తవడ్డడా?" గుమ్మం దగ్గరే నిలబడి అడిగారు, "డాక్టర్ ఏమన్నడు? నన్ను బరువు జూస్కోమని తోలినప్పుడు."

అబద్ధం సిద్ధంగానే ఉంది. కానీ ఆయన అడిగిన తీరు అబద్ధానికి చోటివ్వలేదు. చెప్పేశాను. నీళ్ల పంపు కట్టేయకుండానే చెప్పాను, ఆ చప్పుడులో కొంత వినబడకపోతే బాగుండునని. ఆయనకు అంతా వినబడింది. వచ్చి పంపు ఆయనే కట్టేశారు.

నాకు కోపం వచ్చింది. డాక్టరు మీద కాదు, జబ్బు మీద కాదు, ఆ ఇద్దరి మీద. ఫోన్ తీసుకుని కడిగేద్దామనుకున్నాను. మామూలుగా ఉండమని అడిగితే, తమ జీవితంలో ఎన్నడూ లేని మంచితనం తెచ్చి నా ఇంట్లో పోశారు. ఒక్క పూట, ఒక్క బొమ్మను చావనివ్వలేకపోయారు. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"నాకు తెలిసిందని వాళ్లకు చెప్పకు. నా కోసమే చేసిండ్రు, పాపం. తెలిస్తే ఏడుస్తరు."

"మరి మీరు?"

"నేనేంది? ఆడ్త."

మా మామగారిలాగా ఆయన మంచం ఎక్కలేదు. అంతకంటే కష్టమైన పని చేశారు. ప్రతి ఆదివారం స్నానం చేసి, వదులైపోయిన చొక్కా వేసుకుని, వీపు వెనక దిండు పెట్టుకుని, తనకు ఇష్టంలేని ఆట ఆడారు. పాత ఆటకు పోదామని ఒక్క మాట అంటే చాలు, తనకు తెలుసని వాళ్లకు తెలిసిపోతుంది. అందుకని అనలేదు. వాళ్లు ఆయన దగ్గర దాచారు, ఆయన వాళ్ల దగ్గర దాచారు, నేను ఇద్దరి మధ్య టీ పోశాను.

వాళ్లు ఓడిపోవాలని నిశ్చయించుకున్నారని రెండో వారానికే నాకు అర్థమైంది. కానీ కొత్త ఆటలో ఓడినవాడికి సాయం వస్తుంది కదా. ఓడినకొద్దీ ఆ ఇద్దరి ముఠాలూ బలిసిపోయాయి. మా ఆయన ఎనిమిది మంది మీదికి వాళ్లకు బల్ల నిండా జనం. ఆ జనంతో ఓడిపోవడానికి ఎన్ని తిప్పలు పడేవారో. గోడ వెనక దాక్కోవాల్సిన వాణ్ణి నడివీధిలో నిలబెట్టేవారు. కొట్టాల్సినప్పుడు మర్చిపోయేవారు. "అరే, జూస్కోలే అన్నా" అనేవాడు మరిది. జీవితంలో గెలవడానికి కూడా అంత కష్టపడని మనుషులు. మా ఆయన గెలిచినప్పుడల్లా చప్పట్లు కొట్టేవారు, ఆయన నవ్వేవారు. నేను కాపాడాలనుకున్న నవ్వు అది కాదు. దాని అచ్చు మాత్రమే.

చచ్చిపోయిన ఒంటికన్ను ముసలివాడు మాత్రం వారం వారం లేచి వస్తూనే ఉన్నాడు. వాణ్ణి పలక మీద పెట్టేటప్పుడు ఆయన వాడి మొహం చూసేవారు కాదు.

ఎండలు ముదిరాక, స్కూలుకు సెలవులిచ్చిన తర్వాత, ఒక మంగళవారం మధ్యాహ్నం నన్ను పిలిచారు. బల్ల మీద పలక వేసి ఉంది. ఎప్పుడు లేచారో, ఎలా మోశారో నేను చూడలేదు. ఒకవైపు రంగు కూడా వేయని బూడిదరంగు బొమ్మలు కొన్ని, ఇంకోవైపు మరికొన్ని.

"కూసో. ఇద్దరం ఆడుదాం. పాత రూల్స్."

"నాకేం వచ్చండీ?"

"నీకు రానిది లేదు. ఇన్నేండ్ల సంది వంటింట్లకెళ్లి వింటనే ఉన్నవు." తర్వాత నెమ్మదిగా అన్నారు, "నాకు తెలుసని తెలిసింది నీకొక్కదానికే. నీతోని అయితే మంచిగ ఆడొచ్చు."

కూర్చున్నాను. నిజంగానే నాకు అన్నీ వచ్చు. మొదట బిడియంగా ఉంది, తర్వాత లేదు. ఆయన దాక్కుంటే వెతికాను, ఎదురొస్తే కొట్టాను. ఒక సందులో ఆయన మనుషుల్ని ఇద్దర్ని చుట్టేస్తే, "అరెరె, గిట్ల ఆడ్తవని తెలిస్తే ఎప్పుడో కూసోవెడ్తుంటి" అన్నారు. మొహంలో రంగు వచ్చింది. ముందుకు వంగి కూర్చున్నారు, వీపు వెనక దిండు జారి కింద పడినా చూసుకోలేదు. ఆ కాసేపు మా ఇంట్లో జబ్బు లేదు. నేను రాసిస్తాను, లేదు.

ఆట అయ్యాక, నేను పడగొట్టిన బొమ్మ కోసం ఆయన పాచికలు వేయాల్సి వచ్చింది. చిన్న విలుకత్తె. రంగు లేదు, పేరు లేదు, ఆ మధ్యాహ్నానికి ముందు ఒక్క ఆటా ఆడలేదు. పోయినా ఎవరికీ ఏమీ కాని బొమ్మ. ఆయన పాచికల్ని గుప్పిట్లో బాగా కలిపి వేశారు. ఒకటి ఒకటి మీద ఆగింది. రెండోది దొర్లి, రూల్స్ పుస్తకం పక్కగా వెళ్లి, రెండు మీద ఆగింది. మొత్తం మూడు, అంటే చావే.

పాచిక దేనికైనా ఆనుకుని వాలుగా ఆగితే చెల్లదు, మళ్లీ వేయాలి. అది వాళ్ల రూలే. ఈ పాచిక ఆనుకోలేదు. పుస్తకానికి దానికీ మధ్య వేలు దూరే సందుంది. బల్ల మీద చక్కగా, నిండుగా కూర్చుని ఉంది.

"పుస్తకానికి ఆనుకుందండీ," అన్నాను. "అది చెల్లదు. మళ్లీ వేయండి."

అనేదాకా నేను అంటానని నాకు తెలియదు. అప్పటికే పాచిక తీసి ఆయన చేతికి అందిస్తున్నాను.

ఆయన దాన్ని తీసుకోలేదు. పాచిక ఆగిన చోటును చూశారు, తర్వాత నన్ను చూశారు.

"నువ్వు గూడనా," అన్నారు.

కోపంగా అనలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, గోడ పట్టుకుంటూ వెళ్లి పడుకున్నారు. ఆదివారం వాళ్లిద్దరూ వస్తే మామూలుగానే ఆడారు, గెలిచారు. నన్ను మాత్రం మళ్లీ ఆడమని అడగలేదు.